కొవ్వొత్తుల వెలుగులో ఫొటోలు: ముఖాల మీద నారింజ రంగును ఎంతవరకు తగ్గించాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మా ఊరి చర్చిలో క్రిస్మస్ ముందు రాత్రి జరిగే కొవ్వొత్తుల ఆరాధనకు ఈ ఏడు కూడా ఫొటోలు తీసిపెట్టమని సంఘ పెద్దలు నన్ను అడిగారు. తెలుగు కుటుంబాలు, ఒడియా కుటుంబాలు, కొండ ఊళ్ళ నుంచి దిగివచ్చే సవర కుటుంబాలు ఒకే కప్పు కింద చేరే రాత్రి అది కాబట్టి, ఆ ఫొటోలు చక్కగా రావాలని నాకు గట్టి కోరికగా ఉంది. ఆరాధన చివరలో దీపాలన్నీ ఆర్పేసి, ముందు బల్ల మీద వెలిగించిన ఒక్క కొవ్వొత్తి నుంచి వరసలవారీగా అందరూ తమ తమ కొవ్వొత్తులు వెలిగించుకుంటారు. ఆ తరవాత రెండు కీర్తనలు పాడేంతసేపు మందిరంలో వేరే వెలుగేదీ ఉండదు.

నిరుడు తీసిన ఫొటోల్లో ముఖాలన్నీ ఇటుక రంగులో వచ్చాయి. ఆడవాళ్ళలో చాలామంది తెల్ల చీరలే కట్టుకుని వస్తారు, ఆ చీరలు కాషాయంలో ముంచి తీసినట్టు కనిపించాయి. తెలుపు తెలుపుగా వచ్చేలా రంగును సరిచేసే వైట్ బాలెన్స్‌ను ఆటోలో పెట్టినా, బల్బు గుర్తు ఉన్న టంగ్‌స్టన్ అమరికలో పెట్టినా పెద్దగా తేడా రాలేదు. కంప్యూటర్లో రంగును చలువ వైపు, అంటే నీలం వైపు, జరిపితే చీరలు కొంత తెల్లబడ్డాయి కానీ, ముఖాల మీద బుగ్గా నుదురూ ఒకే మచ్చగా అతుక్కుపోయి, నీడల్లో నీలపు చుక్కలు తేలాయి. ల్యాబ్‌లో ప్రింటు వేయిస్తే అదంతా మట్టిరంగుకు తిరిగింది.

నా దగ్గర ఉన్నవి ఏపీఎస్-సీ సెన్సరు గల పాత డీఎస్ఎల్ఆర్, 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు, కెమెరాతోపాటు వచ్చిన జూమ్ లెన్సు. ఆరాధన మధ్యలో ఫ్లాష్ వెలగకూడదని పాస్టరుగారు స్పష్టంగా చెప్పారు, అది న్యాయమే. ఈ పరిస్థితుల్లో కెమెరాలో ఏ అమరికలు పెట్టుకోవాలి, ఈ వెచ్చని రంగును ఎంతవరకు తీసేయాలి, ఎంత ఉంచుకోవాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

ఋషికుల్య, బరంపురం

మహేంద్రతనయ గారూ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ ఫొటోల్లో రెండు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, మొత్తం దృశ్యం నారింజ వైపు ఒరగడం. రెండోది, ఎరుపు చానెల్, అంటే కెమెరా ఎరుపును విడిగా నమోదు చేసే భాగం, నిండిపోయి పొంగిపోవడం. మొదటిదాన్ని ఇంటికి వచ్చాక నిదానంగా సరిచేసుకోవచ్చు. రెండోది మాత్రం షట్టరు నొక్కిన క్షణంలోనే జరిగిపోతుంది. బుగ్గా నుదురూ ఒకే మచ్చగా అతుక్కుపోయాయని మీరు రాసింది దాని గురించే, ఒకసారి ఆ వివరం పోయాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే అమరికలు వాటంతట అవే అర్థమవుతాయి. కొవ్వొత్తి మంటలో మనకు పసుపుగా కనిపించే భాగం, మసి రేణువులు వేడెక్కి వెలగడం వల్ల వచ్చే వెలుగు. వెలుగు ఎంత వెచ్చని రంగులో ఉందో చెప్పే కొలత రంగు ఉష్ణోగ్రత, దాని అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎర్రబడుతుంది. కొవ్వొత్తికి అది సుమారు 1900 కెల్విన్. మామూలు ఫిలమెంటు బల్బు 2700 నుంచి 2850 వరకు, స్టూడియో టంగ్‌స్టన్ దీపం 3200, పగటి వెలుగు 5500 అనుకుంటే, కొవ్వొత్తి వీటన్నిటికంటే చాలా కింద ఉంది. అలా 1900 కెల్విన్ దగ్గర వెలిగే ఆదర్శ వస్తువును తీసుకుని లెక్క కడితే, 650 నానోమీటర్ల ఎరుపు దగ్గర ఉన్న శక్తిలో 450 నానోమీటర్ల నీలం దగ్గర ఉండేది సుమారు 28వ వంతే. పగటి వెలుగులో ఈ రెండూ దాదాపు సమానం. సెన్సరు ముందున్న రంగు వడపోతలు ఒకదాని మీద ఒకటి కొంత పరుచుకుని ఉంటాయి కాబట్టి కెమెరాలో తేడా అంత తీవ్రంగా ఉండకపోయినా, నీలం చానెల్ ఆకలితో ఉంటుంది, ఎరుపు పొంగిపొర్లుతుంది. మీరు చలువ వైపు జరిపినప్పుడు సాఫ్ట్‌వేరు ఆ కాస్త నీలాన్నే ఎన్నో రెట్లు పెంచింది, దానితోపాటు అందులోని నాయిస్, అంటే అడ్డదిడ్డమైన రంగు చుక్కలు, కూడా పెరిగి నీడల్లో చుక్కలై తేలింది.

టంగ్‌స్టన్ అమరిక ఎందుకు చాలలేదన్నదానికి కూడా సమాధానం అంకెల్లోనే ఉంది. రంగు ఉష్ణోగ్రతల మధ్య తేడాను కెల్విన్లలో కాక మైరెడ్లలో కొలవాలి, అంటే 10 లక్షలను కెల్విన్ సంఖ్యతో భాగించాలి. కొవ్వొత్తి 526 మైరెడ్లు, 3200 కెల్విన్ 312, పగటి వెలుగు 182. టంగ్‌స్టన్ అమరికలో పెట్టినా ఇంకా 214 మైరెడ్ల ఒరుగు మిగిలిపోతుంది. చాలా కెమెరాల్లో కెల్విన్ అమరిక 2500 దగ్గర ఆగిపోతుంది. అక్కడ కూడా 126 మైరెడ్లు మిగులుతాయి, ఇది స్టూడియో టంగ్‌స్టన్ దీపం కింద పగటి అమరికతో ఫొటో తీస్తే వచ్చే నారింజకు ఇంచుమించు సమానం. కెమెరాను ఎంత తిప్పినా కొవ్వొత్తి వెలుగు పూర్తిగా తెల్లబడదు కాబట్టి, దానికోసం ఆరాధన మధ్యలో సమయం పోగొట్టుకోకండి.

ఇక అమరికలు. రా ఫైళ్ళలోనే, అంటే సెన్సరు నమోదు చేసినదాన్ని మార్చకుండా దాచే ఫైళ్ళలోనే, తీయండి. జేపెగ్‌లో ఎరుపు పొంగితే మిగిలేదేమీ ఉండదు. వైట్ బాలెన్స్‌ను 2500 కెల్విన్ దగ్గర పెట్టుకోండి. రా ఫైలుకు ఈ అమరికతో పనిలేదని చాలామంది అంటారు, అది నిజమే, కానీ కెమెరా వెనక మీకు కనిపించే హిస్టోగ్రామ్, అంటే ఫొటోలో చీకటి నుంచి వెలుగు వరకు ఏది ఎంత ఉందో చూపే పటం, రా నుంచి కాక లోపల తయారైన జేపెగ్ నుంచి వస్తుంది. పగటి అమరికలో కెమెరా ఎరుపును దాదాపు రెట్టింపు చేసి చూపుతుంది, 2500 దగ్గర ఆ పెంపు బాగా తగ్గుతుంది కాబట్టి హిస్టోగ్రామ్ నిజానికి దగ్గరగా ఉంటుంది. చూడవలసింది కూడా తెల్లగా ఉండే మొత్తం వెలుతురు హిస్టోగ్రామ్‌ను కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేదాన్ని. మొత్తం హిస్టోగ్రామ్ మధ్యలో నెమ్మదిగా కూర్చుని ఉండగానే ఎరుపు కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది.

ఒక మామూలు కొవ్వొత్తి కాంతి సుమారు 1 కాండెలా. ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ముఖం మీద సుమారు 11 లక్సుల వెలుగు పడుతుంది. దానికి ఐఎస్ఓ 6400, ఎఫ్ 1.8, షట్టరు సెకనులో 80వ వంతు సరిపోతుంది. ఇవి మధ్యరకం ముఖఛాయకు లెక్క, మందిరంలో మొదటి వరసను తీసి, ఎరుపు హిస్టోగ్రామ్ చూసుకుని అవసరమైతే ఒక స్టాపులో (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది) సగం తగ్గించి, మాన్యువల్‌లో అలాగే ఉంచేయండి. కెమెరా మీటరుకు వదిలేస్తే చీకటి మందిరాన్ని చూసి అది ప్రతి ఫొటోనూ పగలులా మార్చబోతుంది, మొట్టమొదట బలయ్యేది ముఖాల మీది ఎరుపే. మా ఊళ్ళో ఇళ్ళల్లో కార్తీక దీపాల దగ్గర బరంపురం పట్టు చీరలు ఫొటో తీసేవారికి ఈ సంగతి బాగా తెలుసు: ఎర్రని కుంభం అంచు మీది దంతాల నేత దీపం ముందు కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, ఫొటోలో మాత్రం ఎర్రని పట్టీగా మిగులుతుంది. అరస్టాపు తగ్గించి తీస్తే ఆ దంతాలన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి.

కెమెరాలో కెల్విన్ అంకె పెట్టే వీలు లేకపోతే, ఒక తెల్ల కాగితాన్ని కొవ్వొత్తి వెలుగులో ఫ్రేమంతా నిండేలా తీసి, దాన్నే కస్టమ్ వైట్ బాలెన్స్‌గా పెట్టుకోండి. లెన్సుకు నీలి ఫిల్టరు తగిలించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. 80ఏ అనే ఆ నీలి ఫిల్టరు రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది, మన దగ్గర పోగొట్టుకోవడానికి అర స్టాపు కూడా లేదు.

వంశధార, గుణుపురం

ఋషికుల్య గారు సాంకేతిక విషయం పూర్తిగా చెప్పారు, ఎరుపు చానెల్ గురించి ఆయన అన్న ప్రతి మాటతోనూ నేను ఏకీభవిస్తాను. నేను చెప్పదలచుకున్నది మీ ప్రశ్నలోని రెండో భాగం గురించి, అంటే ఎంత ఉంచుకోవాలన్నదాని గురించి.

మన కళ్ళు ఏ వెలుగుకైనా కొంతవరకు అలవాటు పడి తెలుపును తెలుపుగా చూపిస్తాయి, కానీ కొవ్వొత్తి వెలుగు దగ్గర ఆ అలవాటు పూర్తికాదు. మందిరంలో కూర్చున్నవారికి పక్కామె చీర తెల్లనిదని తెలుస్తూనే ఉంటుంది, దాని మీద పసుపు వెచ్చదనం ఉందనీ కనిపిస్తూనే ఉంటుంది. ఫొటోలో కూడా ఈ రెండూ ఒకేసారి తెలియాలి. చీరను పూర్తిగా తెల్లగా చేస్తే ఆ రాత్రి ఎవరూ చూడని దృశ్యం తయారవుతుంది. పైగా మంట చుట్టూ ఉన్న వెలుగు బూడిదరంగుకు దిగి, కొవ్వొత్తులు ఎందుకు వెలిగించారో అర్థం కాకుండా పోతుంది. చీర లేత వెన్నరంగులో, ముఖం ఆరోగ్యమైన ఛాయలో, మంట అంచున మాత్రమే ముదురు బంగారు రంగు ఉన్నంతవరకు తగ్గించి అక్కడ ఆపేయాలని నా అభిప్రాయం. మీరు అడిగింది కచ్చితమైన గీత కాబట్టి చెబుతున్నాను: ముఖంలో మిట్టపల్లాలు కనిపించడం మానేస్తే ఎక్కువ ఉంచినట్టు, మనిషి పెదవుల రంగు చర్మం నుంచి విడిపడకపోతే ఇంకా తగ్గించాలన్నట్టు, పెదవులు నీలిగా మారితే హద్దు దాటినట్టు.

రంగుకంటే ముందు దూరం గురించి ఆలోచించండి. కొవ్వొత్తి నుంచి దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఆరాధనలో సాధారణంగా అందరూ కొవ్వొత్తిని చేయి చాచి ముందుకు పట్టుకుంటారు, దానివల్ల మంట ముఖం కంటే మీ కెమెరాకు దగ్గరవుతుంది, మంట తెల్లగా పేలి ముఖం చీకటిలో ఉండిపోతుంది. గుండెల ఎత్తులో, మోచేతులు పక్కకు ఆనించి పట్టుకుంటే ముఖం మీది వెలుగు రెండు స్టాపుల వరకు పెరుగుతుంది. కీర్తన మొదలయ్యే ముందు సంఘ పెద్దల చేత ఒక మాట చెప్పించండి, చిన్నపిల్లల జుట్టుకు మంట తగలకుండా ఉండడానికైనా ఆ జాగ్రత్త అవసరమే.

మైనం చేతి మీద కారకుండా కొవ్వొత్తికి గుచ్చుకునే గుండ్రటి అట్టముక్క ఉంటుంది కదా, అది మీకు చాలా ఉపయోగపడుతుంది. తెల్ల అట్ట అయితే కిందికి పోయే వెలుగును పైకి తిప్పి గడ్డం కింది నీడను మెత్తబరుస్తుంది. ఒక అంగుళం పైకి జరిపి గుచ్చితే, కింది నుంచి తీసే కోణంలో మంటలో సగం దాని వెనకకు వెళ్ళి కెమెరాకు నేరుగా తగలదు. తెరిచి పట్టుకున్న కీర్తనల పుస్తకం కూడా అంతే. పేజీల నుంచి తిరిగివచ్చే వెలుగు కళ్ళ కిందికి చేరి, ఇటుక రంగు గడ్డలా కనిపించే నీడను విడదీస్తుంది. పుస్తకం చదువుతూ పాడేవారిని వెతికి తీయండి, ఆ రాత్రి మంచి ఫొటోలు అక్కడే దొరుకుతాయి.

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఎస్. ఎల్. హల్దంకర్ వేసిన దీపం పట్టుకున్న స్త్రీ చిత్రం ఉంది. చాలామంది దాన్ని రవివర్మదని అనుకుంటారు. నీటిరంగుల్లో వేసిన ఆ చిత్రంలో ఆమె ఒక చేత్తో ఇత్తడి దీపం పట్టుకుని, రెండో చేతిని మంటకు అడ్డం పెట్టుకుని ఉంటుంది. చూసేవారికి మంట కనిపించదు, వేళ్ళ అంచులు మాత్రం రక్తపు ఎరుపుతో వెలుగుతూ, ముఖం మీద మృదువైన పసుపు పరుచుకుని ఉంటుంది. నిండైన నారింజను వేళ్ళ సందుకే పరిమితం చేసి, ముఖాన్ని దాని నుంచి కాపాడడంలోనే ఆ చిత్రకారుడి గొప్పతనమంతా ఉంది. కెమెరాతో కూడా అదే చేయవచ్చు: మంటను ఏదో ఒకదాని వెనక దాచి, దాని వెలుగు పడే చోటును తీయండి.

ఇంకొక మాట. 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.8 దగ్గర పెట్టి రెండు మీటర్ల దూరంలోని ముఖాన్ని తీస్తే, మీ సెన్సరుకు స్పష్టంగా ఉండే మందం సుమారు 11 సెంటీమీటర్లే. చీకట్లో ఆటోఫోకస్ మంట మీదికి పరుగెడుతుంది. స్క్రీనులో పెద్దది చేసి దగ్గరి కంటి రెప్పల మీద చేత్తో ఫోకస్ చేసుకోండి. ఫోకస్‌కు సాయంగా కెమెరా ముందు వెలిగే చిన్న దీపాన్ని ముందే ఆపేయడం మరిచిపోవద్దు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఎరుపు హిస్టోగ్రామ్ గురించి ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు మా అమ్మగారిని కొవ్వొత్తి ముందు కూర్చోబెట్టి ఈ అమరికలతో తీసి చూశాను. చెంప మీది ముడతలు, ముక్కుపుడక మెరుపు విడివిడిగా కనిపించాయి. మధ్యరకం కన్నా కాస్త ముదురు ఛాయ ఆమెది. అరస్టాపు తగ్గించగా ఎరుపు గోడకు తగలకుండా ఆగింది.

రెండు సందేహాలు మిగిలాయి. మా మందిరంలో బల్ల వెనక గోడకు ఎల్ఈడీ సీరియల్ లైట్లు కడతారు, వరండాలో పెద్ద క్రిస్మస్ నక్షత్రం వేలాడుతుంది, దాని లోపల తెల్ల ఎల్ఈడీ బల్బు ఉంటుంది. కిటికీల గుండా ఆ వెలుగు లోపలికి పడుతుంది. కొవ్వొత్తులకు సరిపడేలా రంగు సరిచేస్తే ఇవన్నీ ఏమవుతాయి? రెండోది, ఆరాధన అయ్యాక బయట కుటుంబాలవారీగా ఫొటోలు తీయమంటారు, చేతిలో కొవ్వొత్తులు అలాగే ఉంటాయి. అప్పుడు ఫ్లాష్ వాడుకోవడానికి అనుమతి ఉంది. ఫ్లాష్ వేస్తే కొవ్వొత్తుల వెలుగు చచ్చిపోతుంది, వేయకపోతే పది మందిలో వెనకవారు కనిపించరు.

నాగావళి, రాయగడ

మీ మొదటి సందేహానికి సూటి జవాబు: ఆ పది నిమిషాలు సీరియల్ లైట్లనూ నక్షత్రాన్నీ ఆపించండి. దీపాలన్నీ ఆర్పేసే ఆరాధనే కాబట్టి అడగడం తేలిక, పాస్టరుగారికి ముందు రోజే చెప్పి ఉంచితే స్విచ్ దగ్గర ఒక కుర్రాణ్ణి నిలబెడతారు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, తెల్ల ఎల్ఈడీ బల్బు 6000 కెల్విన్ అనుకుంటే మైరెడ్లలో 167. కొవ్వొత్తికీ దానికీ మధ్య దాదాపు 360 మైరెడ్ల దూరం. కొవ్వొత్తులకు తగ్గట్టు సరిచేసిన ప్రతిసారీ కిటికీ దగ్గర కూర్చున్నవారి ఒక చెంప నీలిమందు పూసినట్టు వస్తుంది. ఏ ఒక్క అమరికా రెండు వెలుగులను కలపలేదు. ఆపడం కుదరకపోతే, నక్షత్రంలోని బల్బును 2700 కెల్విన్ వార్మ్ వైట్‌కు మార్పించండి, అప్పుడు తేడా 156 మైరెడ్లకు దిగి కంటికి ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఎల్ఈడీలు వెలిగే ఉంటే షట్టరును 80వ వంతు నుంచి 100వ వంతుకో 50వ వంతుకో మార్చండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, మిగతా వేగాల్లో ఫొటో మీద అడ్డచారలు పడే అవకాశం ఉంది.

కొవ్వొత్తి వెలుగులో ఉన్న సుగుణం ఒకటి ఇక్కడ చెప్పాలి. అది అఖండమైన వర్ణపటం. అందులో నీలం తక్కువే కానీ ఏ రంగూ మధ్యలో తెగిపోలేదు. చవక ఎల్ఈడీ కింద ఎర్రచీర చచ్చినట్టు కనిపిస్తే దాన్ని బాగుచేసే మార్గం ఉండదు. కొవ్వొత్తి కింద తీసిన చర్మాన్ని మాత్రం, ఎరుపు పొంగకుండా తీసి ఉంటే, ఎంతైనా మలచుకోవచ్చు.

రెండో సందేహానికి ఫ్లాష్ ముందు నారింజ జెల్, అంటే రంగు వేసిన పలచని ప్లాస్టిక్ పొర, పెట్టడమే దారి. పగటి వెలుగును టంగ్‌స్టన్‌కు మార్చే ఫుల్ సీటీఓ జెల్ ఒకటి 159 మైరెడ్లు కలుపుతుంది. ఫ్లాష్ వెలుగు 182, రెండు జెల్‌లు ఒకదాని మీద ఒకటి పెడితే 318 కలిసి 500 అవుతుంది, అంటే 2000 కెల్విన్, కొవ్వొత్తికి పక్కనే. ఒక్క జెల్‌తో సరిపెడితే వెనకవారు తెల్లగా, ముందువారు నారింజగా విడిపోతారు. ఫ్లాష్‌ను మాన్యువల్‌లో అతి తక్కువ శక్తికి దించి, వరండా తెల్ల గోడ మీదికో పైకప్పు మీదికో తిప్పండి. ముందుగా ఫ్లాష్ లేకుండా కొవ్వొత్తులకు సరిపడే అమరిక పెట్టుకుని, దాని పైన వెనకవారి ముఖాలు ఆనవాలు పట్టేంత మాత్రమే ఫ్లాష్ కలపాలి. పది మందికి ఎఫ్ 1.8 చాలదు, ఎఫ్ 4 దగ్గరికి వెళ్ళవలసి వస్తుంది, అప్పుడు రెండు స్టాపులకు పైగా వెలుగు తగ్గుతుంది. దాన్ని షట్టరులో రాబట్టుకోండి. ట్రైపాడ్ మీద పెట్టి 15వ వంతు వరకు దిగవచ్చు, అందరినీ ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడమనండి. మూడు నాలుగు తీస్తే ఒకటి నిలుస్తుంది.

కంప్యూటర్లో చేసే పని గురించి కూడా కొంత చెబుతాను. కెమెరా పేరుతో వచ్చే రంగు ప్రొఫైళ్ళలో స్టాండర్డ్, పోర్ట్రెయిట్ వంటివి ఎరుపును ఇంకా గట్టిపరుస్తాయి. ముందు న్యూట్రల్‌కు మార్చండి, సగం ఇటుక రంగు అక్కడే పోతుంది. తరవాత కెల్విన్ పట్టీని దించండి. చాలా సాఫ్ట్‌వేర్లలో అది 2000 దగ్గర ఆగుతుంది, కానీ వంశధార గారు చెప్పిన వెన్నరంగు చీర చాలావరకు అంతకు ముందే దొరుకుతుంది. మొత్తం ఫొటోను ఇంకా దించకుండా, ముఖానికి మాత్రం ఒక మాస్కు గీసి అక్కడ నారింజ గాఢతను కొద్దిగా తగ్గించి, ఎరుపు ఛాయను రవ్వంత పసుపు వైపు జరపండి. నేపథ్యం వెచ్చగానే ఉండనివ్వండి. నీడల్లోని చుక్కలకు రంగు నాయిస్ తగ్గించే పట్టీని పెంచాలి, వెలుతురు నాయిస్ పట్టీని పెంచితే చర్మం మైనంలా నున్నబడుతుంది. ఎప్పుడైనా ఒక మంచి ముఖం రంగులో ఎంతకీ కుదరకపోతే, ఎరుపు చానెల్ ఒక్కదాని నుంచి నలుపు తెలుపు ఫొటో తయారుచేసి చూడండి. కొవ్వొత్తి వెలుగులో సమాచారంలో ఎక్కువ భాగం ఆ చానెల్‌లోనే ఉంటుంది కాబట్టి చర్మం ఎంతో శుభ్రంగా వస్తుంది.

మీ సంఘంలో ఫోనుతో తీసేవారు కూడా ఉంటారు. వారికి ఒక మాట: నైట్ మోడ్ ఎన్నో ఫ్రేములను కలుపుతుంది, ఈలోగా మంట కదులుతుంది, కాబట్టి జంట మంటలు పడవచ్చు. దాన్ని ఆపేసి, ముఖం మీద వేలు నొక్కి ఉంచి ఫోకస్ లాక్ చేసుకుని, వెలుతురు పట్టీని కిందికి లాగితే చాలు.

ఋషికుల్య, బరంపురం

ప్రింటు విషయం మిగిలిపోయింది, అది కూడా పూర్తిచేస్తాను. మట్టిరంగుకు తిరగడానికి కారణాలు రెండు ఉండవచ్చు. మొదటిది మీ తెర. రాత్రిపూట కళ్ళకు హాయిగా ఉండాలని కంప్యూటరు తెరను పసుపుకు మార్చే నైట్ లైట్ వెలిగి ఉన్నప్పుడు మీరు రంగు సరిచేస్తే, చూసిందీ అచ్చయిందీ ఒకటి కావు. కొవ్వొత్తి ఫొటోలను నైట్ లైట్ ఆపేసి, పగటిపూట, తెల్ల గోడ ఉన్న గదిలో సరిచేయండి.

రెండోది ల్యాబ్. అక్కడి యంత్రం ప్రతి ఫొటోనూ సగటు రంగుకు తెచ్చే సవరణ ఒకటి తనంత తానే చేస్తుంది. నారింజ ఎక్కువ ఉన్న ఫొటో కనిపించగానే దాన్ని తప్పుగా భావించి నీలం కలుపుతుంది, నీలం కలిసిన నారింజే మట్టిరంగు. ఫైళ్ళు ఇచ్చేటప్పుడు కలర్ కరెక్షన్ చేయవద్దని స్పష్టంగా చెప్పి, రసీదు మీద రాయించుకోండి. ఫైలును ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలోనే ఇవ్వండి. గాఢమైన నారింజల్లో కొన్ని కాగితం మీద రానే రావు. అలాంటి చోట్ల వివరం కలిసిపోకుండా, గాఢతను ముందే మీ చేతులతో తగ్గించి ఇస్తే యంత్రం తనకు తోచినట్టు నలపదు.

మొత్తం ఆల్బమ్ ఒకేసారి వేయించవద్దు. ఒకే ఫొటోకు మూడు రూపాలు తయారుచేయండి: తెరమీద మీకు నచ్చినది ఒకటి, దానికంటే కెల్విన్ పట్టీ 200 తక్కువగా ఒకటి, 200 ఎక్కువగా ఒకటి. ఫైలు పేర్లలో ఆ అంకెలే పెట్టండి. మూడూ చిన్న సైజులో వేయించి, పగటి వెలుగులో కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూడండి. మీ అమ్మగారి ఫొటోనే ఈ పరీక్షకు వాడవచ్చు, ఆమె నిజమైన ఛాయ మీకు తెలుసు కాబట్టి ఏది సరైనదో వెంటనే తేలుతుంది. నచ్చినదాని తేడా ఎంతో లెక్క రాసుకుని, ఆరాధన ఫొటోలన్నిటికీ అదే తేడా కలిపి అదే ల్యాబ్‌కు పంపండి.